సంఘంలో బాధ్యత ఇచ్చారు, ఆఫీసులో టీమ్ ఇచ్చారు. బైబిలు చెప్పే నాయకత్వం రోజువారీగా ఎలా ఉంటుంది?

అడిగేవాడు
అందరికీ వందనాలు. మా సంఘంలో యూత్ బాధ్యత నన్ను చూసుకోమన్నారు. ఆఫీసులో కూడా ఈమధ్యే ఒక చిన్న టీమ్‌ను నా కింద పెట్టారు. రెండూ ఒకేసారి మీద పడేసరికి కొంచెం టెన్షన్‌గానే ఉంది. నాయకత్వం మీద ప్రసంగాలు చాలా విన్నాను, సేవకుడిలా నడిపించాలి అంటారు, ఆమేన్ అంటాం, ఇంటికొచ్చేస్తాం. కానీ సోమవారం పొద్దున సీట్లో కూర్చున్నాక సేవకుడిలా నడిపించడమంటే ఏం చేయాలి, అక్కడే నాకు అర్థం కావడం లేదు. బైబిల్లో ఎవరిని చూసి నేర్చుకోవచ్చో, మీ అనుభవంలో ఏం చూశారో చెప్పండి. రిఫరెన్సు ఇస్తే నేను చదువుకుంటాను. దయచేసి "ప్రార్థన చేయండి బ్రదర్" అని ఒక్క ముక్క చెప్పి వెళ్లిపోవద్దు, అది చేస్తూనే ఉన్నాను.

చివరిబెంచీ
ప్రార్థన చేయండి బ్రదర్.

చివరిబెంచీ
సరదాకే అన్నాను, కోప్పడకండి. మంచి ప్రశ్న. పెద్దవాళ్లు వచ్చి చెబుతారు, నేను కూర్చుని వింటాను.

పాతవిశ్వాసి
బాబూ, నెహెమ్యా 5వ అధ్యాయం నిదానంగా చదువు. నెహెమ్యా అనగానే అందరూ యెరూషలేము గోడ సంగతే చెబుతారు, 52 రోజుల్లో కట్టేశాడని, ఒక చేత్తో పని, ఇంకో చేత్తో ఆయుధం అని. నిజమే. కానీ ఆ పని మధ్యలో ఒక పెద్ద గొడవ వచ్చింది, దాని మీద ప్రసంగం నేను పెద్దగా వినలేదు. పేదవాళ్లు, వాళ్ల ఆడవాళ్లు వచ్చి మొరపెట్టుకున్నారు. బయటి శత్రువుల మీద కాదు, సొంత సహోదరుల మీద. కరవులో ధాన్యం కోసం పొలాలు, ద్రాక్షతోటలు, ఇళ్లు కుదువపెట్టారు, రాజుగారి పన్ను కట్టడానికి అప్పు తెచ్చారు, ఆఖరికి కన్నబిడ్డల్ని దాసులుగా పంపాల్సి వచ్చింది. వడ్డీ పిండుతున్నది సొంత ప్రధానులూ అధికారులే.

నెహెమ్యాకు చాలా కోపం వచ్చిందని రాసి ఉంది. కానీ ఆ కోపంలోనే వెళ్లి అరిచేయలేదు, తనలో తాను ఆలోచించుకుని ఆ తర్వాత వాళ్లను నిలదీశాడు (5:7). "గోడ పని ఆగిపోతుంది, ఈ సంగతి తర్వాత చూద్దాం" అని కూడా అనలేదు. మనవాళ్లయితే ఆ మాటే అనేవాళ్లు, పరిచర్య పాడవుతుందని. ఆయన సభ పెట్టాడు, తీసుకున్నవి ఈ రోజే తిరిగిచ్చేయండి అన్నాడు, యాజకులను పిలిపించి ప్రమాణం చేయించాడు. 10వ వచనంలో తానూ తన మనుషులూ కూడా అప్పులిచ్చామని చెప్పి, వడ్డీ మనమందరం మానేద్దాం అంటాడు. తనను పక్కన పెట్టుకుని మాట్లాడలేదు.

ఇక 14 నుంచి 18 వరకు చూడు. అధిపతిగా 12 ఏళ్లు ఉండి, అధిపతికి రావాల్సిన భోజన భత్యం ముట్టలేదు. ముందున్నవాళ్లు జనం దగ్గర ఆహారం, ద్రాక్షారసం, పైగా 40 తులముల వెండి తీసుకునేవాళ్లు, వాళ్ల పనివాళ్లు సైతం జనం మీద పెత్తనం చేసేవాళ్లు. ఈయన బల్ల దగ్గర 150 మంది తినేవాళ్లు. రోజుకు ఒక ఎద్దు, ఆరు మంచి గొర్రెలు, కోళ్లు, పదేసి రోజులకోసారి రకరకాల ద్రాక్షారసం. ఆ భత్యం ఎందుకు అడగలేదో కూడా రాశాడు, జనం మీద అప్పటికే భారం ఎక్కువగా ఉందని. అది లంచం కాదు బాబూ, న్యాయంగా రావాల్సిందే. అయినా జనం మొహం చూసి వదులుకున్నాడు.

అడిగేవాడు
అయ్యగారూ, అంటే నాకు వచ్చే అలవెన్సులు కూడా వదిలేయమంటారా? :)

పాతవిశ్వాసి
అలవెన్సు నీదే, ఉంచుకో. నీ కింద ఉన్నవాళ్ల సెలవు, నిద్ర, వాళ్లు చేసిన పనికి రావాల్సిన పేరు, ఇవి నీవి కావు. ముందు అవి తీసుకోకుండా ఉండు.

లెక్కలబుక్కు
పెద్దాయన చెప్పింది చదివాక నాకు ఎప్పటినుంచో మనసులో ఉన్నది రాయాలనిపించింది. బైబిల్లో దేవుడు మెచ్చిన నాయకులు తమ గురించి జనం ముందు సాక్ష్యం చెప్పుకోవాల్సి వచ్చినప్పుడు, ఎంత కట్టారు, ఎంతమందిని పోగేశారు అని చెప్పరు. ఏం తీసుకోలేదో చెబుతారు.

అరణ్యంలో కోరహు అనే లేవీయుడు తన మీద తిరగబడినప్పుడు మోషే అన్నమాట, వాళ్ల దగ్గర ఒక్క గాడిదనైనా తీసుకోలేదు, ఎవరికీ హాని చేయలేదు (సంఖ్యాకాండము 16:15). ప్రవక్త సమూయేలు తల నెరిశాక ఇశ్రాయేలీయులందరి ముందు నిలబడి, నేను ఎవరి ఎద్దు తీసుకున్నాను, ఎవరి గాడిద తీసుకున్నాను, ఎవరి దగ్గర లంచం పుచ్చుకున్నాను, చెప్పండి తిరిగి ఇచ్చేస్తాను అన్నాడు (1 సమూయేలు 12:3). పౌలు మిలేతులో ఎఫెసు పెద్దలకు వీడ్కోలు చెబుతూ, ఎవరి వెండినీ బంగారాన్నీ బట్టలనూ ఆశించలేదు, నా అవసరాలకూ నాతో ఉన్నవాళ్ల అవసరాలకూ ఈ చేతులే పనిచేశాయి అన్నాడు (అపొస్తలుల కార్యములు 20:33-34). నెహెమ్యా సంగతి పైన చూశారు. వేర్వేరు కాలాలు, వేర్వేరు పనులు, అందరూ చూపించింది మాత్రం చేతులే.

ఇప్పుడు దీని పక్కన 1 సమూ 8:11-17 పెట్టుకుని చదవండి. రాజు కావాలని జనం అడిగితే, వచ్చే రాజు ఎలాంటివాడో సమూయేలు చెప్పాడు. మీ కొడుకుల్ని తీసుకుంటాడు, కూతుళ్లను తీసుకుంటాడు, మంచి పొలాలు తీసుకుంటాడు, పంటలో పదోవంతు తీసుకుంటాడు, పనివాళ్లనూ గాడిదలనూ తీసుకుంటాడు, ఆఖరికి మీరే దాసులవుతారు. (ఆ జనం రాజును అడగడానికి సమూయేలు కొడుకులు బెయేర్షెబాలో లంచాలు తినడం కూడా ఒక కారణమే, అది వేరే బాధ.) మనుష్యకుమారుడు పరిచారం చేయించుకోవడానికి కాదు, చేయడానికీ తన ప్రాణం ఇవ్వడానికీ వచ్చాడని మార్కు 10:45లో ఉంది కదా, సమూయేలు చెప్పిన ఆ రాజుకు సరిగ్గా ఎదురు చివర అది. నాయకుడు ఎటు నిలబడ్డాడో తెలుసుకోవాలంటే నేనైతే ప్రసంగం వినను, ఇదే చూస్తాను.

చివరిబెంచీ
ఈ లెక్కన "ఇంతమంది హాజరయ్యారు" అని పోస్టర్లు వేసేవాళ్లు "ఇంత తీసుకోలేదు" అని వేయాలన్నమాట. ఆ పోస్టరు నేను ఫ్రీగా డిజైన్ చేసి పెడతాను.

కావలివాడు
ఇక్కడ కొంచెం ఆగాలి. చర్చ మంచిదే, కానీ ఎటు పోతుందో చూస్తున్నాను. ప్రతివాడూ దైవజనుడి లెక్కలు అడగడం మొదలుపెడితే సంఘం మిగలదు. కోరహు గురించి రాశారు, సంతోషం, కోరహుకు ఏమైందో కూడా రాయండి. భూమి నోరు తెరిచింది. మోషేకు విరోధంగా మాట్లాడినందుకు ఆయన అక్క మిర్యాముకు కుష్ఠు వచ్చింది (సంఖ్యా 12). "నేను అభిషేకించినవారిని ముట్టకూడదు" అని కీర్తన 105:15 స్పష్టంగా చెబుతోంది. హెబ్రీ 13:17 మీ నాయకుల మాట విని లోబడి ఉండమంటోంది. ముందు లోబడటం నేర్చుకున్నవాడే నాయకుడవుతాడు. ఈ తరానికి చెప్పాల్సింది ఇదే అని నా అభిప్రాయం.

బెరయవాడు
కావలివాడు బ్రదర్, లోబడటం గురించి మీరన్నది నేను కాదనను. కానీ 105వ కీర్తన వచనాన్ని ఒక్కసారి దాని ఇంట్లో పెట్టి చూద్దాం. 12వ వచనం నుంచి చదవండి. అక్కడ అభిషేకించినవారు అంటే గద్దె మీద ఉన్నవాళ్లు కాదు. అబ్రాహాము, ఇస్సాకు, యాకోబు. లెక్కకు కొద్దిమంది, పరాయి దేశంలో ఊరూరూ తిరుగుతున్నవాళ్లు. ముట్టకూడదని ఎవరికి చెప్పాడు? రాజులకు. బలం ఉన్నవాడి చెయ్యి బలం లేనివాడి మీద పడకూడదని చెప్పిన మాట అది. దాన్ని తెచ్చి బలం ఉన్నవాడిని ప్రశ్నించకూడదు అనడానికి వాడుతున్నాం.

ఇంకా చూడండి. ఆ కీర్తన గుర్తుచేసే సంఘటనల్లో ఒకటి ఆదికాండము 20, అబీమెలెకు దగ్గర జరిగింది. అబ్రాహాము తన భార్య శారాను చెల్లెలని చెప్పాడు, దేవుడు అబీమెలెకును ఆమె జోలికి పోనివ్వలేదు, అబ్రాహామును ప్రవక్త అన్నాడు. సరే. మరునాడు పొద్దున అబీమెలెకు ఏం చేశాడు? అబ్రాహామునే పిలిపించి, నువ్వు మాకు చేసిందేమిటి, చేయకూడని పని చేశావు అని మొహం మీదే అడిగాడు. అన్యుడైన రాజు, ప్రవక్తను. అలా అడిగినందుకు దేవుడు అతన్ని ఏమీ అనలేదు. అబ్రాహాము సమాధానం చెప్పుకోవాల్సి వచ్చింది, ఆ సమాధానం కూడా ఏమంత గొప్పగా లేదు.

రాజైన సౌలు విషయంలో దావీదు కూడా అంతే. ఏన్గెదీ గుహలో చంపగలిగీ చంపలేదు, వస్త్రపు చెంగు కోసినందుకే మనసులో నొచ్చుకున్నాడు. ఇంతవరకు అందరూ చెబుతారు. ఆ తర్వాత గుహ బయటికి వచ్చి, ఆ చెంగు చూపించి, మూడు వేలమంది సైనికులతో వచ్చిన రాజును కేక వేసి పిలిచి, నా తప్పేమిటి, నన్నెందుకు తరుముతున్నావు అని అడిగాడు (1 సమూ 24). చెయ్యి ఎత్తలేదు, నోరు మూసుకోలేదు, ఈటె విసిరే మనిషి పక్కన కూర్చోనూ లేదు.

కోరహు, మిర్యాము ఇద్దరూ కోరుకున్నది మోషే స్థానం. లెక్క చూపించమని అడగడం, ఆ కుర్చీ నాకివ్వమని అడగడం ఒకటి కాదు. అయినా మోషే ఏమన్నాడో లెక్కలబుక్కు రాశారుగా. "నన్నే అడుగుతారా" అనలేదు, గాడిద లెక్క చెప్పాడు.

కావలివాడు
మీరు సందర్భం చూపించారు, ఒప్పుకుంటున్నాను, ఆ వచనాన్ని ఇకమీదట జాగ్రత్తగా వాడతాను. కానీ నా భయం నాకుంది. ఈ రోజుల్లో ఎవరో ఒకరు ఫోను పట్టుకుని వీడియో తీసి పెడతారు, సాక్ష్యం ఉండదు, ఒక మనిషి ముప్పై ఏళ్ల పరిచర్య ఒక్క రాత్రిలో పోతుంది. పెద్దమీద నేరారోపణ ఇద్దరు ముగ్గురు సాక్షులు లేనిదే తీసుకోవద్దని 1 తిమోతి 5:19 చెబుతోంది. దీన్ని ఎవరూ పాటించరు.

బెరయవాడు
పాటించాలి, నూటికి నూరు శాతం. దాని కింది వచనం కూడా పాటించాలి, రుజువైతే అందరి ముందు గద్దించమని 20లో ఉంది. మనం ఎవరికి ఏది అనుకూలమో ఆ వచనం దగ్గర ఆపేస్తున్నాం. అంతియొకయలో పేతురు, యెరూషలేము సంఘ పెద్ద యాకోబు దగ్గరి నుంచి మనుషులు రాగానే, యూదులు కాని అన్యజన విశ్వాసులతో కలిసి తినడం మానేసి పక్కకు తప్పుకున్నాడు. పౌలు అందరి ఎదుట, ముఖాముఖిగా అడిగాడు (గలతీ 2:11-14). పేతురు అపొస్తలత్వం ఏమీ పోలేదు. ఆ అన్యజన విశ్వాసులను తలచుకోండి, నిన్నటివరకు తమ బల్ల దగ్గర తిన్న పెద్దమనిషి ఇవాళ లేచి వేరే బల్లకు వెళ్లిపోతే వాళ్లకెలా ఉంటుందో.

పాస్టరుగారమ్మాయి
నేను ఇంకోవైపు నుంచి మాట్లాడతాను. మీరంతా నాయకుడు ఏం తీసుకోకూడదో చెబుతున్నారు. నాయకుడి దగ్గర సంఘం ఏం తీసుకుంటుందో కూడా చూడాలి. మా నాన్న అన్నానికి కూర్చోగానే ఫోను మోగేది. అమ్మ ఆయన ప్లేటు మీద ఇంకో ప్లేటు బోర్లించి పక్కన పెట్టేది. మేము తినేసి చదువుకుని పడుకునే టైముకు కూడా ఆ ప్లేటు అలాగే ఉండేది. అందరూ "మీ నాన్నగారు ఎంత అందుబాటులో ఉంటారమ్మా" అని మెచ్చుకునేవాళ్లు. ఎవరికి అందుబాటులో, అని అడగాలనిపించేది.

నిర్గమ 18 అందరికీ తెలుసు, వెయ్యిమందికి, నూరుమందికి, యాభైమందికి, పదిమందికి ఒక్కొక్కర్ని పెట్టమని మోషేకు ఆయన మామ యిత్రో చెప్పాడు, పని పంచుకోవడం గురించి వాడుతుంటారు. కానీ ఆ అధ్యాయం మొదలు చూడండి. మోషే అంతకుముందు భార్యను పుట్టింటికి పంపేశాడు. ఆమెనూ ఇద్దరు కొడుకులనూ యిత్రోనే వెంటబెట్టుకుని అరణ్యానికి వచ్చాడు. ఆ రోజు మామగారితో కూర్చుని భోజనం అయింది. మరునాడు (13వ వచనం, మరునాడే) మోషే పొద్దుటి నుంచి సాయంత్రం దాకా జనానికి తీర్పులు చెబుతూ కూర్చున్నాడు. ఎన్నాళ్లకో వచ్చిన పెళ్లాం పిల్లలు డేరాలో ఉండగా. ఇది చూస్తున్నది ఎవరు? ఆ అమ్మాయి తండ్రి. "నువ్వు చేస్తున్న పని మంచిది కాదు" అన్నది ఆయన. నాకైతే అందులో ఒక తండ్రి గొంతు వినిపిస్తుంది. ఇది నా ఊహే, వాక్యం అలా అనలేదు, కానీ రాయాలనిపించింది.

ఇంకోటి, ఏమీ తీసుకోని పౌలును చూపించి పాస్టరుకు జీతం ఇవ్వకపోవడం కూడా అన్యాయమే. సువార్త ప్రకటించేవాళ్లు సువార్త వల్లే బతకాలని ప్రభువు నియమించాడని అదే పౌలు రాశాడు (1 కొరింథీ 9:14). ఆ హక్కు నాకుంది, నేను వాడుకోలేదు అన్నాడు. వదులుకోవాల్సింది ఆయన, మనం లాగేసుకోకూడదు.

లెక్కలబుక్కు
సిస్టర్, చివరి మాట సరిగ్గా చెప్పారు. పనివాడు జీతానికి పాత్రుడు, 1 తిమోతి 5:18. నెహెమ్యా కూడా తన భత్యం తాను వదులుకున్నాడు, వేరేవాళ్ల భత్యం కోసేయలేదు.

రాత్రిడ్యూటీ
ఆలస్యంగా చూశాను, ఇప్పుడే డ్యూటీ దిగాను. అడిగేవాడు తమ్ముడూ, నాకు సంఘంలో పదవీ లేదు, ఆఫీసులో హోదా లేదు, ఆసుపత్రిలో నర్సును. నాకు నచ్చిన నాయకుడు బోయజు. రూతు 2 ఒకసారి పొలం యజమాని కథలా చదవండి, పెళ్లి కథలా కాకుండా. ఆయన పొలానికి రాగానే మొదట చేసింది కోతవాళ్లను పలకరించడం, యెహోవా మీకు తోడై ఉండును గాక అని. వాళ్లూ అదే ప్రేమతో జవాబిచ్చారు. పనివాళ్లు యజమానిని చూసి బెదిరిపోయే చోట అలాంటి జవాబు రాదు. తర్వాత కొత్తగా వచ్చిన రూతును చూసి ఆమె ఎవరని అడిగాడు. అంటే ఎవరున్నారో, ఎవరు కొత్తో చూస్తున్నాడు. ఆ తర్వాత కుర్రాళ్లకు ఆజ్ఞ ఇచ్చాడు, ఆమెను ముట్టొద్దని. పరాయి దేశపు పేద విధవరాలు, పొలంలో ఒంటరిగా పరిగె ఏరుకుంటోంది, ఏం జరగొచ్చో ఆయనకు తెలుసు, ఏదైనా జరిగాక కమిటీ వేయలేదు. భోజనం వేళ రమ్మని పిలిచి, కోతవాళ్ల పక్కన కూర్చున్న ఆమెకు పేలాలు అందించాడు. పనివాళ్లతో రహస్యంగా, కట్టల్లోంచి కొన్ని కావాలనే జారవిడవండి, ఆమెను గద్దించకండి అన్నాడు. ఇచ్చాడు, ఇచ్చినట్టు తెలియనివ్వలేదు.

వార్డులో దీన్ని ఎలా చేస్తానంటే చాలా చిన్నవి. షిఫ్టు మారేటప్పుడు కష్టమైన డ్రెస్సింగు ఉంటే కొందరు "టైమ్ అయిపోయింది, వచ్చేవాళ్లు చూసుకుంటారు" అని వదిలేస్తారు. నేను చేసేసి దిగుతాను. మందు ఆలస్యంగా ఇస్తే ఆలస్యమైన టైమే చార్టులో రాస్తాను. ఒకసారి కొత్తమ్మాయి ఇదేంటక్కా, మీకే మాట వస్తుంది కదా అంది. వస్తే వస్తుంది, డాక్టరు ఆ చార్టు చూసే తర్వాతి మందు రాస్తారు. ఆ అమ్మాయి ఇప్పుడు అలాగే రాస్తోంది. నేను ఆమెకు ఒక్క వాక్యం కూడా చెప్పలేదు.

ఇంకో మాట, నెహెమ్యా 3 పేర్ల జాబితా అని దాటేస్తాం. అందులో కంసాలులు, పరిమళ ద్రవ్యాలు చేసేవాళ్లు గోడ కట్టారు. 12వ వచనంలో షల్లూము, అతని కూతుళ్లు కట్టారు. 5వ వచనంలో తెకోవవాళ్ల పెద్దమనుషులు మాత్రం మెడ వంచలేదని అది కూడా రాసి పెట్టారు. పదవి ఎవరిది, పని ఎవరిది, చదువుకోండి.

చివరిబెంచీ
అక్కా, ఆ తెకోవ పెద్దమనుషులు ఇప్పటికీ ఉన్నారు, మొదటి వరుసలో.

అడిగేవాడు
అందరికీ చాలా థాంక్స్, ఇంత వస్తుందనుకోలేదు. ఇప్పుడు అసలు ఇబ్బంది అడుగుతాను. మా పైవాళ్లు కొన్నిసార్లు సగం అయిన పనిని పూర్తయిందని రిపోర్టులో పెట్టమంటారు, "తర్వాత ఎలాగూ చేస్తాం కదా" అని. నేను ఒక్కడినే అయితే ఏదోలా ఉండేది, ఇప్పుడు నా కింద టీమ్ కూడా చూస్తోంది. వద్దంటే పెద్ద నీతిమంతుడిలా కనిపిస్తాను, సరే అంటే లోపల కుదరడం లేదు.

బెరయవాడు
దానియేలు 1 చూడండి, 8 నుంచి 14. బబులోనుకు బందీగా వెళ్లిన దానియేలు, రాజు భోజనంతో అపవిత్రుడు కాకూడదని మనసులో నిశ్చయించుకున్నాడు, అది లోపలి పని. బయట ఏం చేశాడు? ధర్నా చేయలేదు, అడిగాడు. అధికారి "రాజు నా తల తీసేస్తాడు" అని తన భయం చెబితే దాన్ని తీసిపారేయలేదు. కింది అధికారి దగ్గరికి వెళ్లి, పది రోజులు మాకు శాకధాన్యాలు, నీళ్లు ఇచ్చి చూడు, తర్వాత నీకెలా తోస్తే అలా చెయ్యి అన్నాడు. అవతలివాడికి ప్రమాదం తక్కువగా ఉండే దారి వెతికి చేతిలో పెట్టాడు.

నేనైతే "సార్, పూర్తయింది అని కాకుండా ఇంత శాతం అయింది, ఫలానా తేదీకి మిగతాది, అని రాసి తెస్తాను, పైనుంచి ప్రశ్న వస్తే నేను మాట్లాడతాను" అని అంటాను. చాలాసార్లు వాళ్లకు కావాల్సింది అబద్ధం కాదు, పైవాళ్ల తిట్ల నుంచి తప్పించుకోవడం.

లెక్కలబుక్కు
లూకా 3:10-14 కూడా. బాప్తిస్మమిచ్చు యోహాను దగ్గరికి సుంకరులు (పన్ను వసూలు చేసేవాళ్లు) వచ్చి మేమేం చేయాలి అంటే, ఉద్యోగం మానేసి అరణ్యానికి రమ్మనలేదు. మీకు నిర్ణయించినదానికంటే ఎక్కువ వసూలు చేయొద్దు. సైనికులు అడిగితే, ఎవరినీ బెదిరించి గుంజొద్దు, అపనింద వేయొద్దు, మీ జీతంతో తృప్తిపడండి. అంత గొప్ప ప్రవక్త చెప్పిన మారుమనస్సు ఫలం వాళ్ల డ్యూటీ లోపలే ఉంది.

పాతవిశ్వాసి
ఒక హెచ్చరిక బాబూ. దానియేలు కథ చెప్పి, సత్యంగా ఉంటే ప్రమోషన్ వస్తుందని ఎవరైనా అంటే నమ్మకు. యోసేపు సరైన పని చేసినందుకే చెరసాలకు వెళ్లాడు, తనతో పాటు చెరలో ఉన్న రాజుగారి పానదాయకుడు విడుదలయ్యాక కూడా ఇంకో రెండేళ్లు మరిచిపోబడి ఉన్నాడు (ఆది 41:1). రిపోర్టు నిజం రాసినందుకు ఒక ఇంక్రిమెంటు పోతే పోవచ్చు. ముందే ఇంట్లో కూర్చుని భార్యతో మాట్లాడుకో, ఆ రోజు కొత్తగా ఆలోచించాల్సిన పని ఉండదు.

చివరిబెంచీ
ఇప్పుడు నిజంగా సీరియస్‌గా ఒక మాట. సేవక నాయకత్వం అనే మాటతో నాకు కొంచెం అలర్జీ ఉంది. నేను వాలంటీరుగా ఉన్న ఒకచోట (పేరొద్దు) పెద్దాయన ఏడాదికోసారి అందరి కాళ్లు కడిగేవారు, ఫొటోలు తీసేవారు. మిగతా ఏడాదంతా మేము రాత్రి పన్నెండింటి వరకు సౌండు బాక్సులు మోసేవాళ్లం, తిన్నారా అని అడిగినవాళ్లు లేరు. అడిగితే "ప్రభువు కోసం చేస్తున్నాం కదా".

యేసు శిష్యుల కాళ్లు కడిగిన యోహాను 13లో నాకు ఫొటో కనబడదు. ఆ రాత్రి బల్ల దగ్గరే ఎవరు గొప్ప అని శిష్యులు వాదులాడుకున్నారని లూకా 22:24 చెబుతోంది, అలాంటి రాత్రి ఆయన లేచి నడుముకు తువాలు కట్టుకున్నాడు. ఆయన్ని పట్టించబోయే యూదా ఇంకా అక్కడే ఉన్నాడు, వాడి కాళ్లు కూడా కడిగి ఉంటాడు. అది షో అయితే వాడిని ముందే బయటికి పంపేవాడు.

దీనికి రెండో వైపు కూడా ఉంది. సేవకుడు అంటే ఎవరేం అడిగినా తల ఊపేవాడు కాదు. కపెర్నహూములో అందరూ నిన్ను వెతుకుతున్నారు అంటే యేసు, పక్క ఊళ్లకు వెళ్దాం పదండి అన్నాడు (మార్కు 1:37-38). కాబట్టి అడిగేవాడు బ్రో, యూత్‌లో అందరి పనీ నువ్వే చేసి ఆరు నెలల్లో ఆవిరైపోకు.

బెరయవాడు
దానికి అపొ 6 బాగా సరిపోతుంది. గ్రీకు మాట్లాడే విధవరాళ్లకు రోజువారీ పంపకంలో అన్యాయం జరుగుతోందని సణుగుడు మొదలైంది. అపొస్తలులు మేమే వడ్డిస్తాం అనలేదు, మీకు విశ్వాసం తక్కువ అని నోరు మూయించలేదు, ఏడుగురిని మీరే ఎన్నుకోండి అన్నారు. ఎన్నుకున్న పేర్లు చూడండి, స్తెఫను, ఫిలిప్పు, ప్రొకొరు, నీకానోరు, తీమోను, పర్మెనాసు, నీకొలాసు. ఏడూ గ్రీకు పేర్లే. ఫిర్యాదు చేసిన వర్గం మనుషుల చేతికే పంపకం వెళ్లినట్టు కనబడుతోంది. అన్యాయం జరిగిందని అన్నవాళ్ల చేతికి తాళాలు ఇవ్వడానికి గుండె ధైర్యం కావాలి.

లెక్కలబుక్కు
యూత్ ఫండు కూడా నీ చేతికే వస్తుంది కాబట్టి ఇది విను. యెరూషలేము పేదల కోసం చందా తీసుకెళ్లేటప్పుడు పౌలు, తీతుతో పాటు సంఘాలు ఏర్పరచిన ఇంకో సహోదరుణ్ణి కూడా పంపాడు. కారణం దాచలేదు, ఇంత పెద్ద మొత్తం విషయంలో మా మీద ఎవరూ తప్పు మోపకుండా జాగ్రత్త పడుతున్నాం, ప్రభువు దృష్టిలోనే కాదు, మనుషుల దృష్టిలో కూడా యోగ్యంగా ఉండాలని (2 కొరింథీ 8:18-21). "దేవుడికి తెలుసు" అనే మాట లెక్కలకు సరిపోదని అపొస్తలుడే చెప్పాడు.

1948లో అమెరికా సువార్తికుడు బిల్లీ గ్రాహమ్, ఆయన బృందం కాలిఫోర్నియాలోని మొడెస్టోలో కూర్చుని సువార్తికులు ఎక్కడెక్కడ పడిపోతున్నారో రాసుకున్నారు. డబ్బు, స్త్రీపురుష సంబంధాల్లో పవిత్రత, స్థానిక సంఘాలను తక్కువ చేయడం, హాజరు సంఖ్యలు పెంచి చెప్పడం. అయినా 1950లో అట్లాంటా కూటాల తర్వాత ఒక పత్రిక, ఆయన చెయ్యి ఊపుతున్న ఫొటో, కానుకల సంచుల ఫొటో వేసింది. తర్వాత ఆయన కూటాల్లో ప్రేమకానుకలు (ప్రసంగికుడికని జనం ఇచ్చే డబ్బు) తీసుకోవడం మానేసి సంస్థ నుంచి నిర్ణీత జీతానికి మారారు.

మేం చేసేది చెబుతాను. కానుక ఎప్పుడూ ఇద్దరు లెక్కిస్తారు, ఒకే ఇంటివాళ్లు కాకూడదు. నోట్లు రకాలవారీగా కాగితం మీద రాస్తారు, అంకె తప్పుపడితే చెరపరు, కొట్టేసి పక్కన రాసి ఇద్దరూ సంతకం పెడతారు. కవరు అంటించాక అంటించిన గీత మీద ఇంకో సంతకం. ఇది అనుమానం కాదు, రేపు ఎవడైనా నిన్ను అంటే నీకు సాక్షి ఉండాలి.

కావలివాడు
ఇది నాకు నచ్చింది. దైవజనుణ్ణి కాపాడే పద్ధతి ఇది. ఇలా అడగడం వేరు, వీడియోలు పెట్టడం వేరు. ఆ తేడా దగ్గర నేను మాత్రం నిలబడే ఉంటాను.

అడిగేవాడు
లెక్కల సంగతి ఈ వారమే మా పెద్దలతో మాట్లాడతాను. నన్ను యిత్రోలా సూటిగా అడిగే మనిషి ఒకరు కావాలనిపిస్తోంది, ఎవరిని పెట్టుకోవాలి? ఇంకోటి, అడగడానికి కొంచెం మొహమాటంగా ఉంది. యూత్‌లో ఒక కుర్రాడు నాకంటే బాగా వాక్యం చెబుతాడు. అందరూ వాడి మాటే వింటారు. వాడిని ఏం చేయాలి?

పాస్టరుగారమ్మాయి
మీ మీద ఆధారపడని మనిషిని పెట్టుకోండి. యిత్రో మోషే కింద పనిచేసేవాడు కాదు, చెప్పాల్సింది చెప్పి తన దేశానికి వెళ్లిపోయాడు (18:27). మీ భార్యను కూడా అడగండి, ఆవిడకు ముందే తెలిసి ఉంటుంది.

పాతవిశ్వాసి
ఆ కుర్రాణ్ణి ఏం చేయాలా? ముందుకు తీసుకురా. ఎల్దాదు, మేదాదు పాళెంలో ప్రవచిస్తున్నారని ఒక కుర్రాడు పరుగెత్తుకొచ్చి చెబితే, వాళ్లను ఆపమని యెహోషువ మోషేతో అన్నాడు. నా కోసం నీకు అసూయా, యెహోవా ప్రజలందరూ ప్రవక్తలైతే ఎంత బాగుండు అన్నాడు మోషే (సంఖ్యా 11:29). బర్నబా సంగతి చూడు. సౌలును (తర్వాత పౌలు అని పిలిచింది ఈయన్నే) వెతుక్కుంటూ తార్సుకు స్వయంగా వెళ్లి అంతియొకయకు తెచ్చింది ఆయనే (అపొ 11:25-26). 13వ అధ్యాయం మొదట్లో "బర్నబాయు సౌలును" అని ఉంటుంది, అదే అధ్యాయం చివరికి వచ్చేసరికి "పౌలును బర్నబాయు" అయిపోతుంది. ఆ పేర్లు తిరగబడినందుకు బర్నబా అలిగినట్టు ఎక్కడా లేదు. తర్వాత వాళ్లిద్దరికీ గట్టి తగాదా వచ్చింది, నిజమే, అది కూడా పేరు కోసం కాదు, మార్కు అనే కుర్రాడికి ఇంకో అవకాశం ఇవ్వాలా వద్దా అని (15:37-39).

నెలలో ఒక వారం వాక్యం వాడికి ఇవ్వు. చెప్పబోయేది రెండు రోజుల ముందు నీకు చూపించమను, తప్పుంటే అప్పుడే చెప్పు, అందరి ముందు సరిదిద్దకు. వాడు మాట్లాడేటప్పుడు ఫోను చూడకుండా ముందు వరుసలో కూర్చో.

అడిగేవాడు
సరే అయ్యగారూ. శనివారం ప్రాక్టీసు అయ్యాక వాడితో మాట్లాడతాను. అపొస్తలుల కార్యములు 13 వాడినే చెప్పమంటే ఎలా ఉంటుంది?

చివరిబెంచీ
13 వద్దు బ్రో, తనకు హింట్ ఇస్తున్నావనుకుంటాడు. రూతు 2 ఇవ్వు, రాత్రిడ్యూటీ అక్క రాసింది ప్రింటు తీసి.

రాత్రిడ్యూటీ
ప్రింటు ఎందుకు, వాడినే చదువుకుని రమ్మను. పొలం యజమాని కథలా చదవమను, అంతే చెప్పు.